పాత పికప్ ఇంజను మొరాయించిన వేళ

హుజూరాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము



ప్రచార శాఖకు చెందిన మేము ఇంజనులను గూర్చి మాటలాడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. మేము మెకానిక్కులము కాము. అయితే తెర, ప్రొజెక్టరు, మైకులు మోసికొని పల్లెపల్లెకు తిరిగి చలనచిత్రములు చూపుటలో మా శాఖవారికి రోడ్డు ప్రక్కన గడచినంత కాలము మరే శాఖవారికిని గడచి యుండదు. వాహనము ఆగిన చోట చెట్టునీడన కూర్చుండి డ్రైవరు చేయు పనిని చూచుటయే మేము చదివిన చదువు.

ఇంకొక కారణము కూడ కలదు. కొన్నేండ్ల క్రిందట ఈ ప్రాంతమున ఒక గ్రామములో జరిగిన తగవును మొదట మనవి చేయుదుము. ఊరి పేరు చెప్పము. పాత పెట్రోలు జీపునకు వెనుక తొట్టి కట్టించి, జమ్మికుంట మార్కెట్టుకు పత్తియు కూరగాయలును, వేసవిలో నీటి డ్రమ్ములును తోలుకొను రైతు ఒకాయన ఉండెను. ఆయన వద్ద జీతమునకున్న డ్రైవరు ఇరువది రెండేండ్ల పిల్లవాడు, తండ్రి లేనివాడు. బండి మిట్ట ఎక్కలేక రొప్పుచు, పొగగొట్టములో పేలుచు, నీరు కాగి రేడియేటరు మూతను తన్నుచు నుండుటచే యజమాని దానిని షెడ్డుకు పంపెను. షెడ్డువారు ఒక్క మర కూడ విప్పకయే "ఇంజను పోయినది, బోరు చేయవలెను" అని వేలలో లెక్క చెప్పిరి. "వీడు నీళ్లు పొయ్యకుంట నడ్పిండు, ఇంజను కాలవెట్టిండు" అని యజమాని రెండు నెలల జీతము ఆపివేసెను. "నేను దినాం పొద్దుగాల నీళ్లు చూస్తనే ఉన్న" అనుట తప్ప ఆ పిల్లవానికి వేరు సాక్ష్యము లేదు. తగవు పెద్దమనుషుల ఎదుటికి వచ్చెను. ఆ రాత్రి మా చిత్రప్రదర్శన ఆ ఊరనే. పెద్దలు మా డ్రైవరును పిలిచి "నువ్వేమంటవు?" అని అడిగిరి. ఆయన చెప్పినదేమో తరువాత విన్నవింతుము. ఇంజను సంగతి తెలియనిదే ఆ తీర్పు బోధపడదు.

మన ప్రాంతమునకు జీపు కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యము కొరకు పుట్టిన ఈ బండిని మన దేశమున మహీంద్రా వారు 1940ల చివర బొంబాయిలో కూర్చ మొదలిడిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు అధికారి యనిన జీపు, జీపు అనిన బ్లాకు అధికారి అనునట్లయ్యెను. 1959లో పంచాయతీ సమితులు వచ్చినవి. "సమితి జీపు" అను మాట నేటికిని మన పెద్దల నోట వినవచ్చును. 1980లలో సమితులు పోయి మండలములు వచ్చినవి గాని, ఆ జీపులలో అనేకము వేలములో రైతుల చేతికి వచ్చి, తొట్టి కట్టించుకొని, పికప్పులై మరి కొంతకాలము బ్రతికినవి.

వీనిలో ఎక్కువగా కనబడునది 1953లో అమెరికాలో వెలువడిన సీజే-3బి నమూనా. బానెటు మిగిలిన జీపులకంటె ఎత్తుగా నుండును. దానికి కారణము లోపలి హరికేన్ ఇంజనే. పెట్రోలును లోనికి వదలు వాల్వులు పైన హెడ్డులోను, పొగను బయటికి పంపు వాల్వులు క్రింద బ్లాకులోను ఉండుటచే ఇంజను ఎత్తు పెరిగినది. దానిని కప్పుటకు బానెటును పైకెత్తిరి. నాలుగు సిలిండర్లు, సుమారు రెండు లీటర్ల రెండువందల మిల్లీలీటర్ల పరిమాణము. నేటి వాహనములవలె ఇందులో కంప్యూటరు లేదు. కంటితో చూచి, చెవితో విని, చేతితో తడవి తెలిసికొనదగినదే గాని ఇందు దాగినది ఏమియు లేదు. పాత బండి గొప్ప అదియే. దాని చిక్కు కూడ అదియే. ప్రతివాడును తనకు తెలియుననుకొనును.

ఏ పెట్రోలు ఇంజనైనను నడచుటకు గాలితో కలిసిన పెట్రోలు ఉండవలెను, నిప్పురవ్వ పడవలెను, సిలిండరులో ఒత్తిడి నిలువవలెను. ఈ మూడును ఉండి, నిప్పురవ్వ పడవలసిన క్షణముననే పడవలెను. ఈ నాల్గవది పలువురు మరచుదురు. ఇంజను మొరాయించినపుడు తక్కువ ఖర్చుతో చూడదగినవి ముందు చూచి, విప్పవలసినవి చివరకు విప్పుట బుద్ధిమంతుల పద్ధతి. మన ఊళ్లలో జరుగునది దీనికి తలక్రిందు.

మొదట బ్యాటరీ. హెడ్లైటు వెలిగించి సెల్ఫు నొక్కుడు. దీపము చప్పున ఆరిపోయినచో బ్యాటరీలో బలము లేదు, లేదా కొసలకు తెల్లని బూజు పట్టినది. వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, కొసలను గీకి బిగించినంతనే సగము బండ్లు లేచును. దీపము నిలకడగా వెలుగుచు సెల్ఫు మాత్రము పలుకకున్నచో తప్పు సెల్ఫులోనో, దాని తీగలోనో ఉన్నది. పాత జీపునకు ముందునుండి త్రిప్పు హేండిలు ఉండుట ఒక వరము. త్రిప్పునపుడు బొటనవ్రేలిని పిడి చుట్టు మెలిపెట్టక మిగిలిన వ్రేళ్ల ప్రక్కననే ఉంచుకొనవలెను. ఇంజను వెనుకకు తన్నినచో బొటనవ్రేలు విరుగును.

పిదప నిప్పురవ్వ. ప్లగ్గు తీగను ఊడదీసి, రబ్బరు పిడి గల పటకారుతో దాని కొసను ఇంజను ఇనుమునకు పావు అంగుళము దూరమున పట్టి మరియొకరిచే ఇంజను త్రిప్పింపవలెను. దగ్గర పెట్రోలు కారుచుండరాదు, బీడీ వెలుగరాదు. రవ్వ నీలిరంగున చిటచిటలాడుచు దూకినచో మేలు. పసుపురంగున నీరసముగా దూకినను, అసలే దూకకున్నను డిస్ట్రిబ్యూటరు మూత తీయవలెను. లోపల పాయింట్లు అను చిన్న జత కలదు. అవి విడిపడిన క్షణముననే కాయిలులో మెరుపు పుట్టును. పూర్తిగా తెరచుకొన్నపుడు వాని నడుమ అంగుళములో వెయ్యింట ఇరువది భాగములు, అనగా సుమారు అర మిల్లీమీటరు సందు ఉండవలెను. ప్లగ్గుకైనచో వెయ్యింట ముప్పది భాగములు. దీనిని కొలుచు ఫీలరు గేజి అను రేకుల కట్ట ఏ విడిభాగముల దుకాణములోనైనను దొరకును. పోస్టుకార్డుతోను, బ్లేడుతోను కొలుచువారిని చూచితిమి. అది కొలత కాదు, మొక్కుబడి.

పాయింట్లు నల్లగా కాలి గుంటలు పడుచున్నచో ప్రక్కనున్న కండెన్సరును శంకింపవలెను. ప్లగ్గు తీగలను కడుగుటకై ఊడదీసినవారు తిరిగి పెట్టునపుడు వరుస తప్పుట సాధారణము. ఈ ఇంజనులో మంట పడు వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. తీగలకు గుడ్డపీలికలతో గుర్తు కట్టి తీసినచో ఈ బాధ ఉండదు.

ఇక పెట్రోలు. నేటి పెట్రోలు ఈ బండి పుట్టిననాటి పెట్రోలు కాదు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. మన ఊపిరితిత్తులకు అది మేలు. అయితే నాటి ఇంజనులలో పొగ వాల్వు కూర్చుండు గద్దెకు సీసమే ఒక పూతవలె పనిచేయుచుండెను. అది లేక, బరువు మోయుచు వేగముగా నడచు పాత ఇంజనులలో గద్దె అరుగును. వాల్వు సందు క్రమముగా తగ్గును. కనుక సందును మునుపటికంటె తరచుగా చూచుకొనవలెను. రెండవది ఇథనాలు. 2025 నాటికి నూటికి ఇరువది పాళ్ల ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమంతట వచ్చినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. పాత ట్యాంకులోని త్రుప్పును, మడ్డిని కదల్చి పైపులోనికి తెచ్చును. పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. పెట్రోలు పంపులోని పొర, రబ్బరు గొట్టములు, కార్బురేటరులోని బిరడా వాషర్లు ఇందువలన చెడును. ఇథనాలుకు తట్టుకొను గొట్టమును, పొరను ఒక్కమారు వేయించుకొనుట, నెలల తరబడి బండి నిలిపినపుడు ట్యాంకు ఖాళీచేసి ఉంచుట మంచిది. పంపు క్రింద గాజు గిన్నె ఉన్న బండ్లలో దానిని చూచినంతనే సంగతి తెలియును. అడుగున ముత్యములవలె నిలిచినది నీరు.

పెట్రోలు వచ్చుచున్నదో లేదో తెలియవలెనన్న కార్బురేటరు వద్ద పైపు విప్పి సీసాలో ఉంచి ఇంజను త్రిప్పుడు. పంపు కొట్టినప్పుడెల్ల చిమ్మవలెను. నోటితో పైపును పీల్చు అలవాటు మన ఊళ్లలో ఇంకను ఉన్నది. పెట్రోలు ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే అపాయము. ఆ అలవాటును మాన్పించుడు.

ఒక చిత్రమైన జబ్బు ఉన్నది. బండి నాలుగైదు మైళ్లు చక్కగా నడచి ఆగును, అరగంట విశ్రమించి తిరిగి లేచును, మరల ఆగును. మేము ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో కరీంనగరు నుండి హుజూరాబాదు వచ్చుచు ఒక్క మధ్యాహ్నమున మూడుమార్లు ఇట్లు ఆగితిమి. మే నెల. కాకతీయ కాలువ గట్టు మీద నీడ లేదు. మా డ్రైవరు మొదటిమారు కార్బురేటరును నిందించెను, రెండవమారు పెట్రోలు బంకును నిందించెను, మూడవమారు మమ్ము నిందించకుండుటకై దూరముగా పోయి కూర్చుండెను.

ఈ జబ్బునకు మూడు కారణములు ఉండవచ్చును. మూడును ఒక్కతీరుననే కనబడును గనుక వేరుచేయుట తెలిసియుండవలెను. ట్యాంకు మూతలో గాలి చొరవలసిన చిన్న రంధ్రము ధూళితో మూసికొనినచో, పెట్రోలు తరుగుకొలది లోపల శూన్యమేర్పడి పంపు లాగలేకపోవును. బండి ఆగిన వెంటనే మూత విప్పుడు. 'స్స్' మని గాలి లోనికి పోవు చప్పుడైనచో తప్పు అదియే, పిన్నీసుతో తీరును. అట్టి చప్పుడు లేనిచో పంపు మీదను పైపు మీదను తడిగుడ్డ వేయుడు. కొద్ది నిమిషములకే లేచినచో వేడికి పైపులోని పెట్రోలు ఆవిరియై అడ్డుపడినదని అర్థము. పైపు పొగగొట్టమునకు దగ్గరగా పోవుచున్నచో దూరముగా జరిపి కట్టవలెను. మా వాహనమునకు ఆనాడు పట్టిన జబ్బు ఇదియే. దానిని కనిపెట్టినది మేము కాదు. బర్రెలను కాలువకు తోలుకొనివచ్చిన ఒక ముసలాయన. తలగుడ్డను కాలువలో ముంచి "గిది మీద వెయ్యుండ్రి" అని ఇచ్చెను. మునుపు లారీ క్లీనరుగా పనిచేసినాడట. ఈ రెండింటను కుదరనిచో ఆగిన తక్షణమే నిప్పురవ్వను చూడవలెను. వేడిగా నున్నపుడు రవ్వ లేక, చల్లారిన పిమ్మట వచ్చుచున్నచో కాయిలో, కండెన్సరో మార్చవలసినదే.

ఒత్తిడి సంగతికి వత్తుము. మొదట చెప్పిన తగవు ఇక్కడ తీరినది.

సిలిండరులో ఒత్తిడి నిలువవలెనన్న పిస్టను రింగులు, వాల్వులు, హెడ్డు ప్యాకింగు బాగుండవలెను. బోరు చేయవలసినది రింగులును సిలిండరు గోడలును అరిగినపుడు మాత్రమే. అరిగినవో లేదో విప్పకయే తెలిసికొను ఉపాయము కలదు. ఇంజనును వేడిచేసి, నాలుగు ప్లగ్గులును తీసి, ఒక్కొక్క రంధ్రమునకు ఒత్తిడి గేజి పెట్టి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి ఇంజను త్రిప్పవలెను. నాలుగింటి నడుమ పది పౌండ్లకు మించి తేడా ఉండరాదు. ఒకటి తగ్గినచో ఆ రంధ్రములో చెంచాడు ఇంజను ఆయిలు పోసి తిరిగి చూడవలెను. ముల్లు పైకి లేచినచో రింగులు అరిగినవి, ఆయిలు సందులను పూడ్చినది. లేవనిచో తప్పు వాల్వులది. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గినచో వాని నడుమ ప్యాకింగు కాలినదని అనుమానింపవలెను.

మా డ్రైవరు మరునాడు ప్రొద్దున హుజూరాబాదునుండి గేజి ఎరువు తెచ్చి పెద్దల ఎదుటనే పెట్టెను. నాలుగింటను ముల్లు ఇంచుమించు ఒక్కచోటనే నిలిచెను. అంకె కూడ ఆరోగ్యమైనదే. అనగా రింగులు, వాల్వులు, ప్యాకింగు బాగున్నవి. నీరు లేక కాలిన ఇంజను అట్లు చూపదు. ఆయిలు గజము తీసి చూపెను. ఆయిలులో నీరు కలిసిన మజ్జిగరంగు లేదు. మరి బండి ఎందుకు రొప్పుచున్నది, ఎందుకు కాగుచున్నది? డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లు చూచెను. పాయింట్లను తెరచు ఇరుసుకు ఆని యుండు చిన్న పీచు దిమ్మ అరిగి, సందు కాగితమంత మిగిలెను. సందు తగ్గినచో పాయింట్లు ఆలస్యముగా విడిపడును. నిప్పురవ్వ ఆలస్యముగా పడును. పిస్టను క్రిందికి దిగిపోవుచుండగా మంట అంటుకొని, బలము చక్రములకు పోవుటకు మారు వేడియై గోడలకును, పొగవాల్వునకును పోవును. బలము తగ్గుట, ఇంజను కాగుట, గొట్టములో పేలుట మూడును అందువలననే. కొత్త పాయింట్లు వేసి, సందు కొలిచి, టైమింగు సరిచేసి, నీటి డ్రమ్ములతోనే బండిని ఊరి చెరువుకట్ట ఎక్కించెను. ఎక్కినది.

యజమాని కొంతసేపు మాటలాడలేదు. "అయితే మరి గింత కాగుడెందుకు?" అని తిరిగి అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. పాయింట్లతో పాటు ఇంకొక కారణము ఉన్నది; అది ఆయన పాలిది. పత్తి తోలు బండి గనుక రేడియేటరు రేకుల నడుమ నూగు పేరుకొని, ధూళి కలిసి, కంబళివలె పట్టియుండెను. గాలి దూరుటకు దారి లేదు. దానిని కడిగించుడని ఆ పిల్లవాడు దీపావళి నుండి చెప్పుచుండెనని అప్పుడు తెలిసినది. ఒక నెల జీతము ఆనాడే చేతిలో పెట్టిరి. రెండవ నెలది పత్తి అమ్మిన పిమ్మట ఇత్తునని యజమాని చెప్పెను, పెద్దలు ఒప్పుకొనిరి. మాకు అది నచ్చలేదు గాని మేము ఆ ఊరివారము కాము. జీతము ఆపుట పెద్దమనుషుల ముందు తేలకున్నచో కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టుకొను హక్కు ఆ పిల్లవానికి కలదని మాత్రము చెప్పి వచ్చితిమి.

నీటి విషయము ఒక మాట. మన బోరునీటిలో సున్నపు పాలు ఎక్కువ. టీ కాచు గిన్నెకు పట్టిన తెల్లని పెచ్చే రేడియేటరు గొట్టములలోను పట్టును. కూలెంటు కలిపిన శుద్ధజలము పోయుట ఉత్తమము. అది కుదరనిచో వడగట్టిన వాననీరు. పత్తి కాలములో వారమునకొకమారు రేకుల వెనుకవైపునుండి నీరు చిమ్మి నూగును ముందుకు త్రోసివేయవలెను. కాగుచున్న ఇంజను మూతను వెంటనే తెరువరాదు. ముఖము కాలినవారు మన మండలములలో ఎందరో కలరు. కాగిన ఇంజనులో చన్నీరు ఒక్కమారుగా పోసినచో హెడ్డు పగులును.

పొగ రంగు కూడ కొంత చెప్పును. నీలిపొగ ఆయిలు కాలుటకు గుర్తు. నల్లపొగ పెట్రోలు ఎక్కువగుటకు గుర్తు. చోకు ఇరుకుకొన్నదో, గాలి వడపోత గిన్నె మూసికొన్నదో చూడుడు. జీపునకు ఉన్నది ఆయిలు గిన్నె వడపోత. మట్టిబాటలలో నడచినవారు దాని అడుగున చేరిన బురదను తీసి కొత్త ఆయిలు పోయవలెను. ఇంజను వేడెక్కిన పిదపయు ఆగని తెల్లని పొగ లోపలికి నీరు పోవుటకు గుర్తు.

మన ప్రాంతమున పాత జీపులలో పెక్కింటికి పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేసిరి. వానిలో ప్లగ్గులు, పాయింట్లు వెదకి ప్రయోజనము లేదు. డీజిలు అయిపోయి ఆగినచో తిరిగి పోసినంతనే లేవదు. పైపులో గాలి చేరియుండును. వడపోత మీది మరను వదులుచేసి, చేతిపంపు నొక్కుచు, బుడగలు లేని డీజిలు కారువరకు ఉండి బిగించి, పిమ్మట పంపు వద్దను అట్లే చేయవలెను. ట్రాక్టరు నడుపువారికి ఇది తెలిసినదే. అయితే ఇంజను రకము మార్చినవారు మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ విభాగము ప్రకారము రవాణా శాఖ అనుమతి పొంది పత్రములో వ్రాయించుకొనవలెను. లేనిచో ప్రమాదము జరిగిననాడు భీమా వారితో పేచీ తప్పదు.

మీలో ఒకరు ఇప్పుడే చీటి పంపినారు. సమితి కాలపు జీపు ఒకటి పంచాయతీ షెడ్డులో ఉన్నదనియు, దానిని బాగుచేసి నీటి బండిగా వాడవచ్చునా అనియు ప్రశ్న. వాడరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న కేంద్ర నిబంధన ప్రకారము ప్రభుత్వములకును, మునిసిపాలిటీలకును, పంచాయతీలకును చెందిన వాహనముల రిజిస్ట్రేషను పదునైదేండ్లు దాటినచో చెల్లదు. వానిని నమోదైన తుక్కు కేంద్రమునకే పంపవలెను. నేను చెప్పినవి రైతుల సొంత బండ్లకు వర్తించును. వారును పదునైదేండ్లు దాటిన పిదప ఐదేండ్లకొకమారు బండిని చూపించి రిజిస్ట్రేషను తిరిగి వ్రాయించుకొనవలెను. మా ప్రదర్శన వాహనమును కూడ తుక్కునకే పంపితిమి. ఆ డ్రైవరు పదవీ విరమణ చేసిననాడు తన సొంత ఫీలరు గేజిని మా చేతిలో పెట్టి పోయినాడు. ఇప్పుడు తెచ్చితిమి. కొలత చూడదలచినవారు భోజనవేళ రావచ్చును. బయట ఒక పాత జీపు కూడ నిలిచి యున్నది.